చరిత్ర మండలిలో మా నాయినమ్మ

మొన్న కమలాక్షి టీచర్ పెద్దకర్మకు మూసాపేట వెళ్లాను. మెట్రో దిగి ఆవిడ ఇల్లు వెతుక్కోవడానికి అరగంట పట్టింది. ఒకప్పుడు వారానికి రెండుసార్లు వెళ్లిన ఇల్లే, కానీ వీధి వీధంతా మేడలై ముఖం మార్చేసుకుంది. భోజనాలయ్యాక టీచర్ కొడుకు నా పక్కన కుర్చీ వేసుకుని, "అమ్మ మీ నాయనమ్మ గారి గురించి చెప్పి చెప్పి నవ్వేది. సగం చెప్పేసరికే నవ్వు ముంచుకొచ్చేది, మిగతా సగం మాకెప్పుడూ దక్కలేదు. ఆ డాక్టరు గారింట్లో అసలేం జరిగింది?" అని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కరికి చెబుతున్నది పదిమంది విన్నారు. కర్మ జరిగిన ఇంట్లో అంత నవ్వు నవ్వవచ్చునో లేదో నాకు తెలియదు గానీ, టీచర్ ఉంటే అందరికంటే ముందు ఆవిడే నవ్వేది. ఇంటికొచ్చాక, నోటితో చెప్పింది గాలిలో పోకూడదని కాగితం మీద పెడుతున్నాను.

మాది మాదాపూర్. బస్సులో ఆ మాట చెబితే ఇప్పుడందరూ ఏ కంపెనీ అని అడుగుతారు. మేము కంపెనీలకంటే ముందున్న వాళ్లం. ఊరి చివర మా ఇల్లు, ఇంటి వెనక బర్రెల కొట్టం, కొట్టం వెనక బండలు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆ బండలకు తూటాలు పెట్టి పేల్చేవారు. మధ్యాహ్నం ఈల మోగగానే నాయినమ్మ పాలగిన్నెల మీద, అన్నం కుండ మీద, మంచినీళ్ల బిందె మీద మూతలు పెట్టుకుంటూ వచ్చేది. తర్వాత నేల ఒక్కసారి వణికేది, కాసేపటికి సన్నటి తెల్లదుమ్ము వచ్చి చింతాకుల మీద, ఆరేసిన బట్టల మీద, బర్రెల వీపుల మీద వాలేది. ఆ దుమ్ము వాసన, పిడకల పొగ వాసన, పొయ్యి మీద మరిగే చాయ్ వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. మా భూమి కొంత సర్కారు తీసుకున్నది, కొంత మేమే అమ్ముకున్నాం. మా నాయిన ట్రాక్టరు కొని, ఒకప్పుడు తాను దున్నిన నేల మీద లేస్తున్న బిల్డింగులకే కంకర తోలేవాడు. గుండ్రటి పెద్ద అద్దాల మేడ అప్పటికే లేచి నిలబడింది. పొద్దు వాలే వేళ దాని అద్దాల మీద పడ్డ ఎండ మా కొట్టం గోడ మీదికి వచ్చేది.

భూమి పోయినందుకు నాయినమ్మ ఏడవగా నేను చూడలేదు. ఆమె పేరు మాణెమ్మ. పొట్టి మనిషి, గట్టి గొంతు, బొడ్డులో ఆకువక్కల సంచి. కోడి కూయకముందే లేచి బర్రెలను పేరుపెట్టి తిడుతూ పాలు పితికేది. కానీ మిరుగం, అంటే విత్తనాలు వేసే మృగశిర కార్తె, దగ్గరికొస్తే మాత్రం ఆమె చేతులు ఊరుకునేవి కావు. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది. చెరిగిన కందిపప్పునే మళ్లీ చెరిగేది. ఖానామెట్‌లో మా చిన్నతాత కొడుకు ఇంకా వ్యవసాయం చేస్తుండేవాడు. ప్రతి ఏడూ అతని చేలో పండిన జొన్నలు తెచ్చుకుని, బూడిదలో కలిపి కుండలో దాచేది. "భూమి లేనోళ్లకు ఇత్తనాలెందుకత్తా?" అని మా అమ్మ అడిగితే, "ఇల్లంటే ఇత్తనాలుండాలె" అనేది. అంతకుమించి వివరించేది కాదు.

నాకు ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. అందుకే చరిత్ర మండలిలో చేరాను. హైస్కూల్లో నాకు సోషల్ చెప్పిన కమలాక్షి టీచరే నన్ను తీసుకెళ్లింది. టీచర్‌ది కడప వైపు పల్లె. భర్త ఉద్యోగం మీద వచ్చి మూసాపేటలో స్థిరపడ్డారు. మండలి అంటే పదిహేను మంది. చాలామంది రిటైరైనవాళ్లు, ఎక్కువమంది కూకట్‌పల్లి హౌసింగ్ కాలనీ వాళ్లు. కార్యదర్శి టీచరే. అధ్యక్షులు విశ్వనాథం గారు, కోస్తా జిల్లాలో హెడ్మాస్టరుగా చేసి కొడుకు దగ్గరికి వచ్చినవారు. నెలకో ఆదివారం సిటీ బస్సెక్కి ఏదో ఒక మ్యూజియానికో, పాత వస్తువులు దాచిన ఎవరింటికో వెళ్లేవాళ్లం. కత్తులు, పింగాణీ పళ్లాలు, నాణేలు, నవాబుల అంగరఖాలు చూశాం. విశ్వనాథం గారు మడిచిన గొడుగు చివరతో ఒక్కో వస్తువును చూపిస్తూ చెప్పేవారు. మధ్యాహ్నం పచ్చికలో కూర్చుని డబ్బాల్లోని పులిహోర, దద్దోజనం పంచుకునేవాళ్లం. నా చేతిరాత బాగుంటుందని చూసినదంతా నోటుబుక్కులో రాసే పని నాకిచ్చారు. ఇరవై ఏళ్లు నిండని పిల్లను పట్టుకుని, "పద్మ గారూ, రాసుకున్నారా?" అని అంత పెద్దాయన అడుగుతుంటే నా కాళ్లు నేల మీద ఆనేవి కావు. చరిత్ర అంటే కోటల్లో, అద్దాల పెట్టెల్లో ఉంటుందని, మా కొట్టం వైపు అది ఎన్నడూ రాలేదని నాకు గట్టి నమ్మకం.

మిరుగం ముందర ఆదివారం మారేడుపల్లిలో ఒక డాక్టరు గారి బంగళాకు వెళ్లాలనుకున్నాం. ఆయన ముప్పై ఏళ్లుగా చెక్క వస్తువులు సేకరించారు. బయటివాళ్లను రానివ్వరు. విశ్వనాథం గారు ఎన్నో ఉత్తరాలు రాస్తే ఒప్పుకున్నారు. మ్యూజియమైతే సరే గానీ ఎవరిదో ఇల్లంటే మా అమ్మ ఒప్పుకోలేదు. "నాయినమ్మను తోల్కపోతే పో, లేకుంటే ఇంట్ల కూసో" అంది. నాకు తల తీసేసినట్టయింది. నాయినమ్మ మాత్రం ఉన్నవాటిలో మంచి నేతచీర కట్టుకుని, కొత్త ఆకుల కట్ట బొడ్డులో దోపుకుని నాకంటే ముందే బస్టాపులో నిలబడింది. విశ్వనాథం గారు ఆమెను ఎగాదిగా చూసి, "పెద్దావిడకి అంతసేపు నిలబడే ఓపిక ఉంటుందంటారా?" అని టీచర్‌ని అడిగారు. టీచర్ జవాబిచ్చేలోగా నాయినమ్మే అందుకుంది. "నిలవడుడా సారూ? నడుం వంచి నాట్లేసిన దాన్ని. జర నిలవడలేనా?"

డాక్టరు గారు సన్నగా, పొడుగ్గా, తెల్లటి లాల్చీలో ఉన్నారు. మర్యాదస్తులు. తలుపుకో చరిత్ర, పెట్టెకో కథ చెబుతూ గదిగదీ తిప్పారు. తన సేకరణ మీద బొమ్మలతో ఒక పుస్తకం వేస్తున్నారు. అది పదిహేను రోజుల్లో అచ్చుకు వెళ్తుంది. అట్ట నమూనా బల్ల మీద ఉంది. అట్ట మీదున్న వస్తువే నడిమి గదిలో గాజుపెట్టెలో, ఎర్ర మఖమల్ మీద, ప్రత్యేకంగా ఒక బల్బు వెలుగులో ఉంది. చెక్కతో తొలిచిన గిన్నె. బయటివైపు తామరరేకులు చెక్కారు, అంచుకు ఇత్తడి పట్టీ. అడుగున నాలుగు రంధ్రాలు. "ఇది నా ప్రాణం" అన్నారు డాక్టరు గారు. "ఆలయంలో వాడిన ధూపపాత్ర. ఈ రంధ్రాల్లోంచి పొగ వస్తుంది. లోపల గుడ్డపీలికలు కూడా దొరికాయి, వత్తులై ఉంటాయి." నేను ఒక్కో అక్షరం రాసుకుంటున్నాను. అప్పుడు నా వెనక కిసుక్కున నవ్వు వినపడింది.

"కట్టె గిన్నెల నిప్పులు పోస్తే గిన్నె కాలదా సారూ?" అంది నాయినమ్మ.

డాక్టరు గారు వెనక్కి తిరిగారు.

"గది జడ్డిగం. గొర్రుకు కట్టి గింజలేస్తరు. నా చేతులతోని ఎన్నేండ్లేసిన్నో" అంటూ ఆమె గాజు మీద వేలు పెట్టి చూపించింది. గాజు మీద వేలిముద్ర పడింది.

డాక్టరు గారు నవ్వడానికి ప్రయత్నించారు. "అమ్మా, దీన్ని ఇద్దరు ప్రొఫెసర్లు చూశారు."

"ఆల్లెన్నడన్న ఇత్తనం పెట్టిండ్రా?"

ఎవరో దగ్గారు. విశ్వనాథం గారి ముఖం కందగడ్డలా అయింది. "క్షమించండి డాక్టరు గారూ, ఆవిడ మా సభ్యురాలు కాదండి, ఆ అమ్మాయికి తోడుగా వచ్చారంతే" అన్నారు. అందరూ నా వైపు చూశారు. ఆ క్షణంలో నేను ఏం చేయవలసిందో ఇన్నేళ్లుగా తెలుసు. చేసింది మాత్రం వేరు. నాయినమ్మ మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, పళ్ల మధ్య నుంచి, "జర నోర్మూసుకో నాయినమ్మా. ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాను.

ఆమె నోరు మూసుకుంది. మిగిలిన రెండు గదులూ చూపించకుండానే డాక్టరు గారు కాఫీ అయినా ఇవ్వకుండా మమ్మల్ని సాగనంపారు. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని మాదాపూర్ దాకా బయటికే చూసింది. ఆకువక్క నమలలేదు. ఇంటికొచ్చి బర్రెలకు గడ్డి వేసి, చీర మార్చుకుని, అరుగు మీద నా పక్కన కూర్చున్నాక ఒకే ఒక్క మాట అడిగింది. "నీకు గూడ గది ధూపం గిన్నె లెక్కనే కనవడ్డదా బిడ్డా?" నేను ఆ గిన్నె వైపు సరిగా చూడనే లేదు. అందరి ముఖాల వైపు చూస్తున్నాను.

మర్నాడు పొద్దున పాలు పితకడం అయ్యాక ఆమె నన్ను కొట్టంలోకి పిలిచింది. పైన రెండు గుంజల మధ్య అడ్డంగా ఒక దూలం ఉండేది. దాని మీద ఎండు గడ్డి, తాళ్లు, పాత సంచులు పెట్టేవాళ్లం. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, దూలమే అనుకున్నాను. ఆమె గడ్డి తోసేసి, "కిందికెల్లి సూడు" అంది. దూలానికి కింద వరుసగా నాలుగు చెక్క పళ్లు, వాటి కొసలకు తుప్పుపట్టిన ఇనుప మొనలు. "ఇది మన గొర్రు. మీ తాత చేయించిండు. నాలుగు పండ్లున్నయ్. సారు గిన్నెకు బొక్కలెన్ని?"

"నాలుగు" అన్నాను.

"ఒక్కో బొక్కల ఒక్కో బొంగు గొట్టం దించుతం. గొట్టం కొస గొర్రు పండు ఎన్క ఉంటది. ముంగట ఎడ్లు నడుస్తయ్, పండు సాలు తీస్తది, ఎన్క నడిచే ఆడిమనిషి జడ్డిగంల గింజ పోస్తది. పోసిన గింజ సక్కగ సాళ్ల పడ్తది. గింతే." మరి మా జడ్డిగం ఏదని అడిగాను. భూమి పోయిన ఏడు పాత సామాన్లవాడు వస్తే ఇంట్లో ఎవరో ఇచ్చేశారట. "ఎవరో ఇచ్చిండ్రు" అని ఆమె అన్న తీరులో ఆ ఎవరో మా నాయినేనని నాకు అర్థమైంది.

ఆ సాయంత్రమే మూసాపేట వెళ్లాను. నేను గొర్రు గురించి చెబుతుంటే కమలాక్షి టీచర్ కూర తరుగుతూ తరుగుతూ ఆగిపోయింది. కత్తిపీట పక్కకు పెట్టి నుదురు కొట్టుకుంది. "జడ్డిగమే పాపా! మా ఊర్లో కూడా జడ్డిగమే అంటారు. మా అమ్మ చేతిలో వెయ్యిసార్లు చూసినా. ఆ గాజుపెట్టెలో, ఎర్రగుడ్డ మీద పెట్టేసరికి నాకే గుర్తుకు రాలేదు చూడు. మీ అవ్వ చెప్పినప్పుడు గూడా, లోపల ఏదో మెదిలింది. అయినా నోరు తెరిచినానా? నేనూ మూసుకునే ఉండినా." మేమిద్దరం విశ్వనాథం గారింటికి వెళ్లాం. ఆయన వినలేదు. మళ్లీ ఆ ఊసెత్తితే నగరంలో ఇంకే సేకరణ తలుపూ మనకు తెరుచుకోదని, మండలి పరువు ముఖ్యమని అన్నారు. టీచర్ కుర్చీలోంచి లేచింది. "పరువు సంగతి సరే సార్. తప్పు తెలిసి నోటుబుక్కులో ధూపపాత్ర అనే రాసుకుందామా? అట్లయితే కార్యదర్శిగా ఇంకొకరిని చూసుకోండి." ఆయన గొడుగు పిడి అటూ ఇటూ తిప్పారు. చివరికి, "మీ ఇద్దరూ మీ తరఫున వెళ్లండమ్మా. మండలి పేరు తేవద్దు" అన్నారు.

డాక్టరు గారు మమ్మల్ని వరండాలోనే నిలబెట్టి విన్నారు. నేను నోటుబుక్కులో గొర్రు బొమ్మ, నాలుగు గొట్టాలు, పైన గిన్నె గీసి చూపించాను. ఆయన కోపంగా లేరు, నమ్మనూ లేదు. "నేను డాక్టర్నమ్మా. పరీక్ష చేయనిదే ఏ రోగమూ ఒప్పుకోను. నా పాత్ర మీ పనిముట్టు మీద కూర్చుని గింజలు పోస్తే, అట్ట మారుస్తాను. కూర్చోకపోతే ఆ పెద్దావిడ, తాను చెప్పింది తప్పని నా ముందు ఒప్పుకోవాలి." తిరిగి వస్తుంటే నాకు భయం పట్టుకుంది. గొర్లు అన్నీ ఒక్క కొలతలో ఉంటాయా? ఏ ఊరి వడ్రంగి చేసిన గిన్నెనో అది. ఇంటికి వచ్చి నాయినమ్మకు చెబితే, ఆమె బర్రె పొదుగు కడుగుతూ తల కూడా తిప్పలేదు. "అననియ్. రమ్మను" అంది.

పుస్తకం అచ్చుకు వెళ్లేలోపు వచ్చే ఆదివారానికి పరీక్ష కుదిరింది. ఆ పది రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు. నాయిన ట్రాక్టరు పని మానుకుని గొర్రు దింపి, ఇనుప మొనలు సాన పట్టించాడు. ఇచ్చేసిన జడ్డిగం మాట ఎవరూ ఎత్తలేదు గానీ, ఆయన అంత శ్రద్ధగా పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. కూకట్‌పల్లి మేదరివాళ్ల దగ్గర సన్నటి బొంగులు కోయించి తెచ్చాం. నాయినమ్మ ఒక్కొక్కదాంట్లో గుప్పెడు గింజలు పోసి, జారుతున్న చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని విని, రెండు బొంగులు పనికిరావని తిప్పి పంపింది. ఎడ్లను ఖానామెట్ బాబాయి తోలుకొచ్చాడు. ఒకప్పటి మా చేను కొసన రోడ్డు పక్కన ఒక నేలచెక్క ఖాళీగా ఉంది. కంపెనీ కంచె వేసింది గానీ పని మొదలుపెట్టలేదు. వాచ్‌మన్ మా ఊరివాడే. "గీ మాణెమ్మ పెద్దమ్మ నాకు పాలు పోసి సాదింది. ఎవడడుగుతడో సూస్త" అని గేటు తీశాడు. మిరుగం ఎగ్గొట్టలేదు. రెండు మంచి వానలు పడ్డాయి. నేల గుప్పెట్లో ముద్దయ్యేటంత తడిసింది.

ఆదివారం పొద్దున్నే డాక్టరు గారి తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. వెనక సీట్లో ఆయన ఒళ్లో దుప్పట్లో చుట్టిన జడ్డిగం. దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని బురదలో చెప్పులు చేత పుచ్చుకుని వచ్చారు. మండలి వాళ్లంతా వచ్చారు. పిలవని విశ్వనాథం గారు కూడా గొడుగుతో కంచె పక్కన నిలబడ్డారు. అద్దాల మేడ వైపు వెళ్తున్న మెడలో కంపెనీ కార్డుల పట్టీలు వేసుకున్న కుర్రాళ్లు నలుగురు స్కూటర్లు ఆపి చూస్తున్నారు. నాయినమ్మ రెండు చేతులూ చీరకు తుడుచుకుని గిన్నెను అందుకుంది. వెంటనే గొర్రు మీద పెట్టలేదు. బొటనవేలితో అంచంతా తడిమింది. ఒకచోట ఆగింది. "దీంట్ల గింజలేసింది ఎడంచేతి మనిషి" అంది.

"ఎలా తెలుసు?" అన్నారు డాక్టరు గారు.

"నీ చెయ్యి తే." ఆయన ఎడమ మణికట్టును తీసి అంచు మీద అరిగిపోయిన చోట పెట్టింది. అక్కడ ఇత్తడి పట్టీ కూడా పలచబడి, చిన్న గుంటలా ఉంది. ఆ గుంట వాలు కుడిచేతికి కుదరనిది, ఆయన ఎడమ చెయ్యి మాత్రం అందులో సరిగ్గా ఒదిగింది. ఆయన తన పుస్తకంలో ఆ గుంటను రవాణాలో జరిగిన నష్టం అని రాశారట. చెయ్యి వెంటనే తీయలేకపోయారు.

గిన్నెను గొట్టాల మీద పెట్టారు. కూర్చోలేదు. రంధ్రాలు పెద్దవి, గొట్టాలు సన్నవి. గిన్నె అటూ ఇటూ ఊగింది. డాక్టరు గారు మెల్లగా, "అదుగోనమ్మా, సరిపోలేదు" అన్నారు. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు. నిజానికి కొంచెం విచారమే ఉంది. నాయినమ్మ ఆయన మాట విన్నట్టే లేదు. తన పాత చీర కొంగు పర్రున చింపి, నాలుగు పీలికలు చేసి, ఒక్కో గొట్టం కొసకు బిగించి చుట్టింది. "ఉత్తగ కూసుంటదా సారూ? బట్ట సుట్టాలె. లేకుంటే గింజ పక్కల పడి పోతది." మళ్లీ గిన్నె దించి, అరచేతితో ఒక్క చరుపు చరిచింది. గిన్నె కదలకుండా కూర్చుంది.

డాక్టరు గారు వంగి ఆ పీలికలను చూశారు. "వత్తులు" అన్నారు తనలో తనే. "నేను వత్తులని రాశాను."

తర్వాత నాయినమ్మ ఒళ్లో జొన్నలు పోసుకుని చీర దోపుకుంది. బాబాయి ఎడ్లను అదిలించాడు. గొర్రు కదిలింది, నాలుగు సాళ్లు తెరుచుకున్నాయి. ఆమె ఒంగి, ఎడంచేత్తో జడ్డిగం పట్టుకుని, కుడి పిడికిలి కొద్దిగా వదులుచేసి తిప్పుతూ నడిచింది. గొట్టాల్లోంచి గింజలు జారే చప్పుడు సన్నటి వానలా వినిపించింది. రోజూ బర్రెలను తిట్టే మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆమె వీపు నిటారుగా అయింది. ఎడ్లతో సమానంగా, ఎవరినీ చూడకుండా నడిచింది. నేను ఏడుస్తున్నానని కమలాక్షి టీచర్ చేతిరుమాలు ఇచ్చేదాకా నాకు తెలియలేదు. ఆవిడా ఏడుస్తోంది.

డాక్టరు గారు తానూ ఒక వరుస వేస్తానన్నారు. "పిడికిలి బిగబట్టకు సారూ, వేళ్ల నడిమిట్ల నుంచి జారనియ్" అని ఆమె పక్కనే నడుస్తూ నేర్పింది. ఆయన గింజలన్నీ ఒకటే గొట్టంలోకి పోయాయి. "ఏం ఫికర్ జెయ్యకు. మొలిచినంక నీదేదో నాదేదో ఎర్కైతది" అంది.

వారం తర్వాత ఆయన చెప్పకుండానే వచ్చారు. ఆమె వేసిన సాళ్లు రూళ్ల కాగితంలో గీతల్లా పచ్చగా నిలబడ్డాయి. ఆయన వేసిన చోట ఒక్క సాలే, అందులోనూ ఒక దగ్గర గుబురుగా మొలిచి, తర్వాత మూడడుగులు బోడి నేల, మళ్లీ గుబురు. కంచె పట్టుకుని ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. అచ్చు ఆపించేశానని, మారేడుపల్లికి వచ్చి మిగతా గదులన్నీ కూడా చూసి చెప్పాలని నాయినమ్మను అడిగారు. ఆ రోజు నేను అరుగు మీద ఆమె పక్కన కూర్చుని, "ఆడ నిన్ను నోర్మూసుకోమన్న. తప్పయింది" అన్నాను. ఆమె వక్క కొరికి సగం నాకు పెట్టింది. "నువ్వు ఆ దినం నా మీద ఎందుకు గుస్సయినవో నాకు తెల్వదా? పెద్దోళ్ల నడుమ కొత్తగ కూసున్నవు. గా కుర్చీ పోతదని భయపడ్డవ్. ఇగ పోదు తియ్."

డాక్టరు గారింట్లో ఈసారి కాఫీ నాయినమ్మకే మొదట ఇచ్చారు. ఆమె గదిగదీ తిరిగింది, నేను వెనక నోటుబుక్కుతో. ఆటవస్తువు అని రాసినదాన్ని చూసి, దూడ తల్లి పాలు తాగకుండా మూతికి కట్టేదని చెప్పింది. గంధపు పీట అని రాసినదాన్ని తిరగేసి, సేమ్యాలు చేసుకునే బల్ల అంది. తెలియనివాటి ముందు కూడా ఆగింది. పల్లకీ కొమ్ము ముందు చాలాసేపు నిలబడి, "ఇది నాకు తెల్వదు సారూ, నువ్వే చెప్పు" అని చేతులు కట్టుకుని విన్నది. డాక్టరు గారు ఆ రోజు చెప్పినంత సంతోషంగా అంతకుముందు ఎవరికీ చెప్పి ఉండరు.

ఇప్పుడు ఆ నేలచెక్క ఉన్నచోట పన్నెండు అంతస్తుల మేడ ఉంది. ఫ్లైఓవర్ మీద నుంచి కారులో పోతూ నేను దాని అద్దాల్లో నా కారు నీడ చూస్తాను. మా కొట్టం లేదు, బండలు లేవు. ఫోను కెమెరా పెడితే ఏ వస్తువుకైనా పేరు చెప్పే కాలం వచ్చింది. మా అమ్మాయి ఆ మధ్య జడ్డిగం ఫోటో పెడితే ఫోను పూలకుండీ అన్నది. నేను నిట్టూర్చలేదు, నవ్వాను. అప్పటికీ ఇప్పటికీ పెద్ద తేడా లేదు. తెలియనివాడు అప్పుడూ ధైర్యంగానే పేరు పెట్టాడు. తేడా ఏమిటంటే, ఆ రోజుల్లో తప్పు చెప్పినాయన కారెక్కి, బురదలో చెప్పులు విప్పి, మా చేనుకు వచ్చాడు. నేను ఆ తర్వాత చదివిన చదువు, రాసిన పుస్తకాలు, పల్లెపల్లె తిరిగి ముసలమ్మల నోటి నుంచి రాసుకున్న పేర్లు అన్నీ ఆ నాలుగు సాళ్లలో మొలిచినవే. పోయినదాని గురించి ఏడ్చే హక్కు నాకు లేదని కాదు. కానీ మాదాపూర్ గురించి ఎవరడిగినా నాకు మొదట గుర్తొచ్చేది పోగొట్టుకున్న రోజు కాదు, గెలిచిన రోజు.

పుస్తకం అచ్చయి వచ్చేసరికి జొన్న మనిషెత్తు పెరిగి పాలకంకి పట్టింది. డాక్టరు గారు ఆవిష్కరణ తన బంగళాలో వద్దని, మూసాపేటలో మండలి కూర్చునే లైబ్రరీ గదిలోనే పెట్టించారు. మేము లేత కంకులు కాల్చి, నలిపి, చక్కెర కలిపి ఆకు దొన్నెల్లో తీసుకెళ్లాం. గది నిండా ఆ వాసనే. అట్ట మీద గొర్రుకు కట్టిన జడ్డిగం, దాని మీద నాయినమ్మ చెయ్యి. కింద "జడ్డిగం" అని పెద్ద అక్షరాలు. లోపల మొదటి పేజీలో, "పేరు చెప్పినవారు: మాణెమ్మ, మాదాపూర్." నేను చదివి వినిపిస్తే, నాయినమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇది మాదాపూరా? ఇది నేనా?" అని రెండుసార్లు అడిగి తెలుసుకుంది. అప్పుడు విశ్వనాథం గారు లేచారు. గొడుగు కుర్చీకి తగిలించి, గొంతు సవరించుకున్నారు. "ఆ రోజు డాక్టరు గారింట్లో ఈవిడ మా సభ్యురాలు కాదని చెప్పానండి. అది నేను చేసిన పొరపాటు. ఇవాళ మండలి తరఫున అడుగుతున్నాను. మాణెమ్మ గారూ, మీరు మా మండలిలో చేరతారా?"

నాయినమ్మ కొంగు సర్దుకుంది. "చేరితే ఏం జెయ్యాలె?"

"ఏమీ లేదమ్మా. నెలకోసారి మాతో రావాలి. వచ్చే నెల నగరంలో పెద్ద మ్యూజియానికి వెళ్తున్నాం."

ఆమె నిజంగానే తెలుసుకోవాలని, గది గదంతా వినపడే గొంతుతో అడిగింది.

"గాడ గూడ గిట్లనే తప్పులు రాసి పెట్టిండ్రా?"